శబ్దం ఎక్కడిదో తర్వాత, ముందు ఎప్పుడొస్తోందో చూడండి

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ముందు చక్రం దగ్గర ఏదో కొట్టుకుంటోంది, లేదా స్టీరింగ్ అదురుతోంది. అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలన్నీ చదివాక ఒక్క మాట చెప్పాలనిపించింది. ఏమేం మార్పించారో అందరూ వివరంగా రాశారు. శబ్దం ఎప్పుడొస్తోందో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. మెకానిక్కి నిజంగా కావలసింది ఆ రెండోదే. ఎంత వేగంలో, తిన్నగా పోతున్నప్పుడా తిప్పుతున్నప్పుడా, బ్రేకు మీదా యాక్సిలరేటర్ మీదా, గుంతలోనా నున్నటి రోడ్డు మీదా? ఈ నాలుగూ తెలిస్తే బండి జాకీ ఎక్కకముందే సగం పని అయిపోయినట్టు.

ముందుగా ఒక ఉత్తరం. ఇది ఆగేది కాదు.

ప్రశ్న: కొత్త టైర్లు వేయించి మూడు రోజులైంది. నిన్నటి నుంచి ముందు కుడి చక్రం దగ్గర టక్, టక్ అని ఆగి ఆగి వినిపిస్తోంది. స్పీడు పెంచితే శబ్దం కూడా జోరందుకుంటుంది. ఇవాళ స్టీరింగ్ కూడా కొంచెం ఊగుతోంది. కొత్త టైర్లు సర్దుకునే దాకా ఇలాగే ఉంటుందా?

ఉండదు. కొత్త టైర్లు సర్దుకునేటప్పుడు ఇలాంటి శబ్దం రాదు. ఇది చదవగానే వీల్ స్పానర్ తీసుకుని బండి దగ్గరికి వెళ్లండి. నాలుగు చక్రాల నట్లూ చేత్తో బిగించి చూడండి. చక్రం విప్పి బిగించిన రెండు మూడు రోజుల్లో మొదలైన శబ్దానికి మొదటి అనుమానం వదులైన నట్ల మీదే. చక్రం తిరిగే వేగంతో పాటు పెరుగుతోంది, రోజురోజుకీ ఎక్కువవుతోంది అంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

నట్లు నిజంగానే వదులుగా ఉంటే బిగించేసి ఊరుకోకండి. ఒక్కో నట్టూ విప్పి, రిమ్ముకి ఉన్న బోల్టు రంధ్రాలు చూడండి. వదులుగా ఉన్న చక్రం బోల్టుల మీద కొట్టుకుని ఆ రంధ్రాలను కోడిగుడ్డు ఆకారంలోకి అరగదీస్తుంది. రంధ్రం సాగినా, బోల్టు మరలు నలిగినా ఆ రిమ్మూ ఆ బోల్టులూ ఇక పనికిరావు. అలాంటి బండిని షెడ్డుకి నడుపుకుంటూ తీసుకెళ్లొద్దు, మెకానిక్కునే మీ దగ్గరికి పిలిపించండి.

అన్నీ బాగుంటే నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా ఉన్నవి వరసగా బిగించి, చివరి బిగింపు టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్‌తో చేయించండి. చిన్న కార్లకి మామూలుగా 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి కచ్చితంగా ఎంతో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. తర్వాత ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోండి. టైరు షాపులో గాలి గన్నుతో బర్రుమని బిగించి పంపేస్తే పని అయిపోలేదని నా నమ్మకం. కొన్నిసార్లు వదులుగా ఉంటాయి, కొన్నిసార్లు మరీ బిగుసుకుపోయి దారిలో పంక్చరైన రోజున ఎవరి తరమూ కావు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ముందు చక్రాలు లాగే పెట్రోలు కారు. 70 వేల కిలోమీటర్లు దాటింది. రెండు బాధలున్నాయి. హైవే మీద 90 దాటగానే స్టీరింగ్ అదురుతుంది, 110 దాటితే కాస్త తగ్గుతుంది. రెండోది, నెమ్మదిగా గతుకుల మీద వెళ్తుంటే ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమంటుంది. ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చారు, ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేశారు. ఏ తేడా లేదు. ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకి నెట్టే భాగం) పోయిందంటున్నారు. మార్పించమంటారా?

ఇప్పుడే మార్పించకండి. మీరు రాసింది చూస్తే ఇవి ఒకే రోగానికి రెండు లక్షణాలు కావు, రెండు వేరు వేరు రోగాలు. మీ గ్యారేజీవాళ్లు రెండింటికీ కలిపి ఒకే మందు వెతుకుతున్నారు. ముందు వాటిని విడదీద్దాం.

అదురు సంగతి మొదట. 90 దగ్గర మొదలై 110 దాటాక తగ్గడం అనేది చాలా మంచి గుర్తు. 195/65 ఆర్15 సైజు టైరు ఒక చుట్టుకి దాదాపు రెండు మీటర్లు పోతుంది. అంటే 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. చక్రంలో ఒక పక్క 30 గ్రాములు బరువు ఎక్కువుందనుకోండి, ఆ వేగంలో అది రిమ్ము అంచు దగ్గర నాలుగున్నర కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంది. అదీ సెకనుకి 14 సార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ముందు చక్రాలకీ స్టీరింగ్‌కీ కలిపి సహజంగా ఊగే ఒక వేగం ఉంటుంది. చక్రం అదే వేగంలో తిరిగినప్పుడు అదురు బాగా పైకొస్తుంది, దాటితే సద్దుమణుగుతుంది. ఇలా ఒక వేగం దగ్గర వచ్చి పోయే అదురు ఎక్కువగా చక్రంలోదే, అంటే టైరూ రిమ్మూ బ్యాలెన్సింగూ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేట్టు చేయడం). ర్యాక్ వదులైతే ఉన్న అదురుని ఎక్కువ చేసి చూపించొచ్చు గానీ, దానంతట అది అదురు పుట్టించదు.

ఇంజిన్‌ని లెక్కలోంచి తీసేయడం తేలిక. అదురు వచ్చేటప్పుడు ఆర్‌పీఎం ఎంతుందో గుర్తుపెట్టుకోండి. బండి ఆపి, న్యూట్రల్‌లో అంతే ఆర్‌పీఎంకి రేజ్ చేయండి. అదురు లేదంటే ఇంజిన్ని, దాని మౌంటుల్ని వదిలేయొచ్చు.

తర్వాత ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజువైతే ముందు రెండు చక్రాలూ వెనక్కి, వెనక రెండూ ముందుకి, అదే పక్కన మార్చి బిగించండి. అదే రోడ్డు మీద అదే వేగంలో నడపండి. స్టీరింగ్ అదురు పోయి సీటు కింద, వెన్ను దగ్గర అదురు మొదలైతే తప్పు ఆ చక్రాలదే అని తేలిపోయినట్టు. ముందు చక్రం అదిరితే చేతులకి తెలుస్తుంది, వెనకది అదిరితే కూర్చున్న చోట తెలుస్తుంది. మార్చాక కూడా స్టీరింగే అదురుతుంటే అప్పుడు హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం), యాక్సిల్ (గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), డిస్క్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) వైపు చూడాలి.

తప్పు చక్రానిదే అని తేలితే, బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. చాలా షాపుల్లో బురద కూడా కడక్కుండా మెషిను మీద ఎక్కిస్తారు. రిమ్ము లోపలి వైపు ఎండిన మట్టి అరచేయంత పెళ్ల ఉంటే, ఆ మట్టికి బరువు బిళ్లలు అతికించి పంపుతారన్నమాట. నాలుగు రోజులకి మట్టి రాలిపోతుంది, అదురు తిరిగొస్తుంది. ముందు కడిగించండి, పాత బిళ్లలన్నీ పీకించండి, మెషిను తిరుగుతున్నప్పుడు చక్రాన్ని పక్కనుంచి చూడండి. అంచు నిలకడగా ఉండాలి. పైకీ కిందికీ ఎగురుతుంటే రిమ్ము వంగింది, లేదా టైరు గుండ్రంగా లేదు. గుంతలో పడ్డ రిమ్ము మామూలుగా లోపలి అంచు దగ్గర వంగుతుంది. బయటి నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రిమ్ముకి చాలా దగ్గరగా స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పెట్టి చక్రం చేత్తో తిప్పితే, మధ్యలో సందు పెరగడం తగ్గడం కంటికే కనిపిస్తుంది. ఆ తేడా ఒక మిల్లీమీటరు దాటిందంటే నేను ఆ రిమ్మునే అనుమానిస్తాను.

మెషిను ఒక పక్క 50, 60 గ్రాములకి మించి అడుగుతుంటే బిళ్లలు అతికించుకుంటూ పోవడం కాదు, టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించమనండి. రిమ్ములోని బరువు చోటూ టైరులోని బరువు చోటూ ఒకే దగ్గర కలిసి ఉంటే, అలా తిప్పడంతో ఒకదానికొకటి సరిపోతాయి. బయట కొన్న అల్లాయ్ రిమ్ములైతే ఇంకో సంగతి. వాటి మధ్య రంధ్రం మీ హబ్బు కంటే పెద్దదైతే మధ్యలో వేసే రింగు ఉండాలి. లేకపోతే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చోదు, మెషిను మీద సున్నా చూపించినా రోడ్డు మీద అదురుతుంది.

ఇక టకటక సంగతికి వద్దాం. నెమ్మదిగా, చిన్న గతుకుల మీద, ఒక పక్కే. ఈ మూడూ కలిస్తే నా మొదటి వేలు స్టెబిలైజర్ లింకు మీదికే వెళ్తుంది. కుడి ఎడమ చక్రాలను కలిపే అడ్డ కడ్డీకీ, షాకబ్జార్బర్‌కీ మధ్య జానెడు పొడవున్న సన్నటి రాడ్డు అది. రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లుంటాయి. షాకబ్జార్బర్లు మార్చినవాళ్లు దీన్ని విప్పి మళ్లీ పాతదే బిగించి ఉంటారు. శబ్దం అలాగే ఉండిపోవడానికి అదే కారణం కావొచ్చు.

దీనికీ ఒక పరీక్షుంది. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కే వెడల్పాటి స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా పోండి. తర్వాత ఒక్క చక్రమే గుంతలో పడేట్టు పోండి. మొదటి దాంట్లో చప్పుడు లేకుండా రెండో దాంట్లో టక్కుమంటే ఆ అడ్డ కడ్డీకి సంబంధించిందే, అంటే లింకు గానీ, కడ్డీని పట్టుకునే రబ్బరు బుష్షులు గానీ. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ కడ్డీ మెలి తిరగదు, లింకు మీద బలం పడదు. ఒక్కటే లేస్తే పడుతుంది.

ఇప్పుడు చాలామంది మెకానిక్కులు పొరబడే చోటు. ఎడమ చక్రం ఒక్కటే జాకీ మీద లేపి లింకుని పట్టుకుని ఊపుతారు. గట్టిగానే ఉంది, ఇది కాదు అంటారు. ఒక చక్రం వేలాడుతుంటే కడ్డీ మెలి తిరిగి లింకుని బిగదీసి పట్టుకుంటుంది. అరిగిన జాయింటు కూడా అప్పుడు గట్టిగానే కనిపిస్తుంది. రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి, రెండూ నేల మీద గానీ రెండూ గాల్లో గానీ. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే చక్రం వెనక నుంచి చెయ్యి దూరుతుంది. లింకుని గుప్పిట్లో పట్టుకుని గబగబా ఊపండి. పోయిన జాయింటు వేళ్లకి చిన్నగా టిక్కుమని తగులుతుంది. చెవికి వినిపించకపోయినా వేలికి తెలుస్తుంది. ఇంకా అనుమానం ఉంటే రెండు పక్కల లింకులూ విప్పేసి, వాటి జాయింట్లు దేనికీ తగలకుండా కట్టి, ఖాళీ రోడ్డులో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రావాలి. చప్పుడు పోయిందంటే తేలిపోయింది. కానీ లింకుల్లేని బండి మలుపుల్లో బాగా ఒరుగుతుంది, పరీక్ష అయ్యాక వెంటనే బిగించేయాలి.

లింకు బాగుందని తేలితే తర్వాతి వంతు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) చివర ఉండే బాల్ జాయింటుది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లింకు విరిగితే చప్పుడెక్కువవుతుంది, బండి ఒరుగుతుంది, అంతే. బాల్ జాయింటు ఊడితే చక్రం అడ్డంగా పడిపోయి బండి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. చక్రం లేపి, బండి బాడీ కింద స్టాండు పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. ఒట్టి జాకీ మీదున్న బండి కిందికి తల కూడా పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కదలిక తెలిస్తే పక్కవాళ్లని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే కదలిక పోతే అది వీల్ బేరింగ్‌ది, ఎందుకంటే బ్రేకు డిస్కునీ కాలిపర్నీ (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) ఒకటిగా బిగించేస్తుంది. తొక్కినా ఇంకా కదులుతుంటే బాల్ జాయింటు గానీ, బుష్షు గానీ. అదే చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలిందనుకోండి, టై రాడ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఎండ్ లేదా ర్యాక్ లోపలి జాయింటు. మీ గ్యారేజీవాళ్లు ర్యాక్ అంటున్నారు కదా, ఈ ఊపుడు చూపించమనండి. టై రాడ్ మీద ఒక చెయ్యి వేసి ఉంచితే వదులు ఏ చివర ఉందో తెలిసిపోతుంది. చూపించలేకపోతే ర్యాక్ మార్చే మాట పక్కన పెట్టమనండి.

లోయర్ ఆర్మ్ బుష్షులు పోతే చప్పుడు కాస్త వేరు. టకటక కాదు, బరువుగా ధబ్బుమని ఒక్కటే దెబ్బ. బ్రేకు వేసినప్పుడో, ఆగి బయల్దేరినప్పుడో వస్తుంది. అవి మార్చాల్సి వస్తే ఒక్క జాగ్రత్త చెప్పి ఈ జవాబు ముగిస్తాను. బుష్షు బోల్టులు చివరగా బిగించేటప్పుడు చక్రం గాల్లో వేలాడకూడదు. బండి బరువు చక్రాల మీద పడి, ఎప్పుడూ ఉండే ఎత్తులో ఉన్నప్పుడే బిగించాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగి ఎప్పుడూ అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరిగిపోతుంది. కొత్త బుష్షులు కొన్ని నెలలకే పోయాయి, కంపెనీ బాగాలేదు అనే మాటల వెనక చాలాసార్లు ఉన్నది ఈ బిగింపే.

ప్రశ్న: ఎలైన్‌మెంట్ చేయిస్తే అదురు పోదని మెకానిక్కులు కొందరంటారు. మా బండికి చేయించగానే పోయింది. మీరేమంటారు?

ఆ రోజు బిల్లు దొరికితే ఒకసారి చూడండి. ఎలైన్‌మెంట్ పక్కనే బ్యాలెన్సింగ్ కూడా ఉండి ఉంటుంది. రెండూ ఒకే షాపులో, ఒకే పూట చేస్తారు, పేరు మాత్రం మొదటిదానికి వస్తుంది. చక్రాల కోణం తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, స్టీరింగ్ వంకరగా ఉంటుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి. ఎన్నాళ్లో పట్టించుకోకుండా అలా అరిగిపోయిన టైరు తర్వాత హోరుమనొచ్చు, అదరొచ్చు కూడా. కానీ అప్పుడు కోణం సరిచేసినా అరిగిన టైరు తిరిగి గుండ్రంగా కాదు.

ప్రశ్న: నా కారు మామూలుగా ఎంత వేగంలోనైనా నున్నగా పోతుంది. 80, 100 మీద బ్రేకు వేస్తే మాత్రం స్టీరింగ్ గజగజ వణుకుతుంది, బ్రేకు పెడల్ కూడా కాలి కింద కొట్టుకుంటుంది. డిస్కులు వంగిపోయాయి, మార్చాలంటున్నారు.

బ్రేకు మీదే వస్తోందంటే చూడాల్సింది డిస్కులే, ఆ మాట నిజం. వంగిపోయాయి అన్నది మాత్రం చాలాసార్లు సరి కాదు. డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం అసలు రోగం. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా కాలికి తెలిసిపోతుంది. ప్యాడ్లు మందం ఉన్న చోటుకి రాగానే వెనక్కి నెట్టబడతాయి, ఆ నెట్టుడే పెడల్‌లో దరువులా తగులుతుంది.

ఈ తేడా ఎలా వస్తుంది? చాలాసార్లు డిస్కు హబ్బు మీద తిన్నగా కూర్చోకపోవడం వల్ల. డిస్కు వెనక హబ్బు ముఖం మీద తుప్పు పొర ఉంటే, దాన్ని గీకకుండా కొత్త డిస్కు బిగిస్తే, అది వెంట్రుకవాసి వంకరగా తిరుగుతుంది. బ్రేకు వేయనప్పుడు కూడా చుట్టుకొకసారి ప్యాడుని ఒకే చోట రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకి ఆ చోటు పల్చబడుతుంది. అందుకే కొత్త డిస్కులు వేసిన రోజున అంతా బాగుంటుంది, కొన్నాళ్లకి వణుకు తిరిగొస్తుంది. వీల్ నట్లు ఒకటి గట్టిగా ఒకటి వదులుగా బిగించినా ఇదే జరుగుతుంది.

కాబట్టి డిస్కులు మార్పించండి గానీ, ముందు హబ్బుని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దించండి. డయల్ గేజి (సన్నటి ఊగుడు కొలిచే ముల్లు మీటరు) ఉన్న షెడ్డయితే డిస్కు బిగించాక పక్కకి ఎంత ఊగుతోందో కొలిపించండి. బండిని బట్టి 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా ఒప్పుకుంటారు. ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి. కాలిపర్ పిన్నులు చేత్తో లోపలికీ బయటికీ జారుతున్నాయో లేదో చూపించమనండి. ఒక పిన్ను పట్టేసినా ప్యాడు డిస్కుని వదలదు, వేడెక్కి మచ్చలు పడతాయి. పరుగు ఆపాక ఒక చక్రం దగ్గర కాలిన వాసన, రెండో చక్రం కంటే ఎక్కువ వేడి ఉంటే ఆ పిన్నే అనుకోండి. రిమ్ముని నేరుగా ముట్టుకోకండి, దగ్గరగా చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది.

దీనికే ఇంకో ముక్క. ఒక పాఠకురాలు రాశారు, గతుకుల మీద ముందు చక్రం దగ్గర గలగలమంటుందట, బ్రేకు మీద కాలు పెడితే మాయమవుతుందట. అమ్మా, అది సస్పెన్షన్ కాదు. కాలిపర్‌లో ప్యాడ్లు వదులుగా ఆడుతున్నాయి. ప్యాడ్ల క్లిప్పులు ఊడాయో, పిన్నులు అరిగాయో చూపించుకోండి. చిన్న పనే.

ప్రశ్న: పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టక్‌టక్‌టక్ అని వరసగా వస్తుంది. తిన్నగా పోతే ఏమీ లేదు. ఎంతకాలం నడపొచ్చు?

యాక్సిల్ బయటి చివర ఉండే సీవీ జాయింటు. చక్రం వెనక రబ్బరు బూటు చూడండి. ఎక్కడో చిరిగి, చుట్టూ రిమ్ము లోపల నల్లటి గ్రీజు చిమ్మి ఉంటుంది. గ్రీజు పోయి దుమ్ము లోపలికి చేరితే లోపలి గోళీలు అరుగుతాయి. చప్పుడు మొదలయ్యాక బూటు మార్చి గ్రీజు నింపితే కొంతకాలం తగ్గినట్టనిపిస్తుంది గానీ అరిగింది తిరిగి రాదు. కొద్ది వారాలు జాగ్రత్తగా నడపొచ్చు, దూర ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు. చప్పుడు లేకుండా బూటు ఒక్కటే చిరిగి కనిపిస్తే అదృష్టమే, ఆ వారంలోనే బూటు మార్పించేయండి, జాయింటు దక్కుతుంది. యాక్సిల్ విప్పితే మధ్య నట్టు కొత్తదే వేయాలి.

యాక్సిల్ లోపలి చివర, గేర్‌బాక్సు వైపు జాయింటు పోతే టక్‌టక్ రాదు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపు బండి ముందు భాగం అటూ ఇటూ ఊగినట్టు అదురుతుంది, కాలు తీయగానే ఆగిపోతుంది. బ్యాలెన్సింగ్ తప్పు అలా ఉండదు, కాలు తీసినా ఆ వేగంలో ఉన్నంతసేపూ అదురుతూనే ఉంటుంది. అదురు మీద ఉత్తరం రాసేవాళ్లు యాక్సిలరేటర్ మీద కాలున్నప్పుడెలా ఉంది, తీస్తే ఎలా ఉంది అన్నది దయచేసి తప్పకుండా రాయండి.

ప్రశ్న: 60 దాటితే ముందు నుంచి విమానం పోతున్నట్టు హోరు. టైర్లు మార్చినా పోలేదు. ఏ పక్కో తెలియడం లేదు.

వీల్ బేరింగ్. ఖాళీగా, వెడల్పుగా ఉన్న రోడ్డు మీద హోరు వచ్చే వేగంలో మెల్లగా ఎడమకి మళ్లించండి, తర్వాత కుడికి. ఎడమకి తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగు, తగ్గితే ఎడమది. దీంతో చాలావరకు తేలుతుంది. తేలకపోతే చక్రం లేపి చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి స్ప్రింగు మీద ఆనించండి. పోయిన బేరింగు గరగర స్ప్రింగు తీగలోంచి అరచేతికి తెలుస్తుంది. మంచి వైపు ఇలాగే చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. హోరుతో పాటు చక్రంలో వదులు కూడా కనిపిస్తే ఇక నడపకండి.

ప్రశ్న: టైరు గోడకి నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. గాలి పోవడం లేదు. నెమ్మదిగా పోతున్నా స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ ఊగుతోంది. బ్యాలెన్సింగ్‌తో పోతుందా?

పోదు. టైరు గోడలోని దారాలు తెగాయి, గాలిని ఇప్పుడు ఒట్టి రబ్బరే ఆపుతోంది. స్టెప్నీ వేసుకుని ఆ టైరు తీసేయండి. ఉబ్బు ఏమీ కనిపించకుండా 30, 40 వేగంలోనే స్టీరింగ్ ఊగినా ఇదే అనుమానం పెట్టుకోండి. టైరు లోపలి ఉక్కు పొర విడిపోతుంటే అలాగే ఉంటుంది. చక్రం లేపి నెమ్మదిగా తిప్పుతూ, నేలని తాకే భాగాన్ని ఎదురుగా కూర్చుని చూస్తే గాడి గీతలు ఒకచోట పక్కకి వంకర పోతాయి. చాలా రోజులు ఒకేచోట నిలిపిన బండి కూడా మొదట్లో ఇలాగే ధడధడమంటుంది గానీ, ఓ పది ఇరవై కిలోమీటర్లు పోయి టైర్లు వేడెక్కాక తగ్గిపోతుంది. ఇది తగ్గదు, పెరుగుతుంది.

ప్రశ్న: బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే ముందు పక్క నుంచి టంగ్ అని స్ప్రింగు తెగినట్టు శబ్దం. గుంతల్లో కూడా ధబ్ అంటుంది.

షాకబ్జార్బర్ పైన ఉండే మౌంటు, దాని కింది బేరింగు. బేరింగు పట్టేసింది కాబట్టి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు తిరగకుండా మెలి పడి, ఒక్కసారిగా జారి టంగ్‌మంటోంది. బానెట్ తెరిచి, మౌంటు మీద వేళ్లు పెట్టి, ఎవరినైనా స్టీరింగ్ తిప్పమనండి, దెబ్బ వేళ్ల కిందే తగులుతుంది. స్ప్రింగుని కూడా చివరి చుట్టు దాకా చూడండి, అక్కడ విరిగినా ఇదే శబ్దం వస్తుంది. మౌంటూ బేరింగూ కలిపి, రెండు పక్కలా మార్పించండి. పైన కనిపించే నడిమి నట్టు మాత్రం స్ప్రింగు కంప్రెసర్‌తో స్ప్రింగుని అదిమి పట్టకుండా ఎవరినీ విప్పనివ్వకండి. ఆ నట్టు ఊడితే స్ప్రింగు మనిషిని చంపేంత బలంతో ఎగిరి వస్తుంది.